గువ్వలమిట్ట ఎక్కని కారు

హన్నమ్మ చెప్పిందంటూ సలోమి చెప్పుకొచ్చిన మాట ఇది. ఆమె మొగుడు, కారు డ్రైవరు జ్ఞానప్రకాశం ఒప్పేసుకున్నాడంట. గువ్వలమిట్ట కింద కారు ఆపుతానని, యజమాని పెద్దాయనను చంపినోళ్ళకు ముందే మాటిచ్చినాడంట. స్టేషన్లో కాగితం మీద వేలిముద్ర కూడా వేసేసినాడంట. ఈ సాయంత్రం ఆరు గంటల రైలుకు సంకెళ్ళు వేసి డోన్ మీదుగా కర్నూలుకు తీసుకపోతారంట, ఆ పోవడం మళ్ళీ వచ్చేది ఉండదంట. ఇదంతా హన్నమ్మకు యాడ తెలిసిందంటే, స్టేషన్లో నీళ్ళు పోసేది ఆమె మరిదేనంట. మిషన్ కాంపౌండు కొళాయి దగ్గర పదిమంది ముందు ఈ కథంతా చెప్పి, కడాకు "పాపం సలోమి" అని ముక్కు చీదిందంట.

"ఆ పాపం సలోమి అన్యందుకే సామీ, నిండు బిందె దాని నెత్తిన ఎయ్యల్ల అనిపించె," అంది సలోమి. ఏడవడం లేదు. ఏడ్చే దశ రెండు రోజుల కిందటే దాటిపోయింది. ఇప్పుడు ఆమె పళ్ళు పటపటమంటున్నాయి.

ప్లీడరు గారి వసారాలో బెంచీ మీద కూర్చున్న కృష్ణస్వామి చప్పున తలెత్తాడు. అహోబిలం అర్చకుల ఇంట్లో పుట్టి, నామాలు దిద్దుకోవాల్సిన చేత్తో స్పానరు పట్టి, యుద్ధంలో నాలుగేళ్ళు బర్మా సరిహద్దున మిలిటరీ లారీలు బాగు చేసి వచ్చిన మనిషి అతను. ఏడాదిగా నంద్యాలలో ఈ ప్లీడరు గారి కేసులకు కూపీలు లాగే పని చేస్తున్నాడు.

"వేలిముద్రా?"

"నేను అడిగేదీ అదే సామీ. మా ఆయప్ప మిషన్ బడిలో ఎనిమిదో క్లాసు చదివినాడు. మా పెండ్లి రిజిస్టర్లో ఇంగ్లీషులో సంతకం పెట్టినాడు. వేలిముద్ర యాలేస్తాడు?"

కృష్ణస్వామి గడియారం చూశాడు. పదింబావు. రైలుకు ఎనిమిది గంటలు కూడా లేదు. ఒకసారి ఆ కాగితంతో కర్నూలు చేరితే జ్ఞానప్రకాశాన్ని వెనక్కి తేవడం ప్లీడరు గారి తాత వల్ల కూడా కాదు.

"నువ్వు ఇంటికి పోమ్మా."

"పోను. స్టేషన్ ముందర కూర్చుంటా. రైలెక్కిస్తే నన్ను దాటుకోని పోవల్ల."

* * *

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వరదరాజులు టోపీ బల్ల మీద పెట్టి కాళ్ళు చాపుకొని కూర్చున్నాడు. పక్క బెంచీ మీద శేషయ్య. హత్యకు గురైన ఆదినారాయణకు ఈయన సొంత తమ్ముడు. అన్న ఆళ్ళగడ్డలో ఇంటిపట్టున ఉండి సేద్యం చూసుకుంటే, తమ్ముడు నంద్యాలలో కుటుంబం తాలూకు పత్తి జిన్నింగ్ మిల్లు చూసుకునేవాడు. అన్న పోయిన నాటినుంచీ నాలుగు రోజులుగా ఆయన స్టేషన్‌కు రాని రోజు లేదు.

"ఏం స్వామీ, అహోబిలంలో దద్దోజనం అయిపోయిందా, ఇట్లొచ్చినావు?" అన్నాడు వరదరాజులు.

"దద్దోజనానికేం కొదవ లేదండీ. తిన్నవాళ్ళకు అరగడం లేదు." కృష్ణస్వామి ప్లీడరు గారి కాగితం బల్ల మీద పెట్టాడు. "ముద్దాయిని చూడాలి. సంతకం వచ్చినవాడి చేత వేలిముద్ర ఎందుకు వేయించారో కూడా తెలుసుకోవాలి."

"చెయ్యి వణికింది. సంతకం కుదర్లేదు."

"దేనికి వణికింది?"

వరదరాజులు ఆ ప్రశ్న తనది కాదన్నట్టు డ్రాయరు లాగి ఒక కాగితం తీశాడు. "నీ ముద్దాయి చెప్పేది ఒకటే మాట. ఇంజను దగ్గి మిస్సింగ్ వచ్చింది, అందుకే కారు ఆపినా అని. ఇదిగో మెకానిక్ రిపోర్టు. ప్లగ్గులు, కార్బరేటరు, డిస్ట్రిబ్యూటరు విప్పి చూడబడినవి. లోపమేమియు లేదు. చదువుకుంటావా, నన్నే పాడమంటావా?"

"పాడనక్కర్లేదు, గొంతు దాచుకోండి. తర్వాత అవసరం పడుతుంది."

శేషయ్య బెంచీ మీదినుంచి ముందుకు వంగాడు. "మా అన్నను చంపినోనికి ప్లీడరెందుకప్పా? వాడు మా ఉప్పు తిని మా గొంతు కోసినాడు. ఇంగా ఏం చూడల్ల వాన్ని?"

కృష్ణస్వామి లోపలికి నడిచాడు.

జ్ఞానప్రకాశం గోడకు చేరగిలబడి కాళ్ళు చాపుకొని కూర్చున్నాడు. లేవబోయి లేవలేకపోయాడు. అరికాళ్ళు రెండూ కమిలి, బూరెల్లాగా ఉబ్బి ఉన్నాయి. చెయ్యి వణకడానికి కారణం కృష్ణస్వామికి అక్కడే దొరికింది. కడ్డీల ముందు కూర్చున్నాడు.

"మొదట్నుంచీ చెప్పు. గంటలతో సహా."

"దశమి మర్నాడు సామీ. తెల్లవారి ఆరున్నరకు నంద్యాల బస్సు దిగి ఆళ్ళగడ్డలో పెద్దాయన ఇంటికి పోయినా. ఏడుకు కారు తీసినా. పెద్దాయన వెనక సీట్లో. ఆయన పక్కన, కాళ్ళ కాడ నాలుగు మూటలు శనక్కాయ విత్తనాలు. శిరివెళ్ళ దాటేదాకా గడియారం మాదిరి నడిచె. ఏడూ ముప్పావుకు గువ్వలమిట్ట సగం ఎక్కుతానే మిస్సింగ్ మొదలాయ. బండి దగ్గె, ఎగిరె, నిలబడె. వెనక్కి దించి చూస్తే ఇంజను బాగుండాది. ఎక్కిస్తే మళ్ళీ అదే. మూడు తూర్లు."

"అప్పుడు?"

"పెద్దాయన దిగె. నేను దిగితే బరువు తగ్గుతాది లేరా, నడిచి మిట్ట అవతల ఉంటా, నువ్వు ఎక్కించుకోని రా అన్యాడు. పోయె. నేను బానెట్ ఎత్తి ప్లగ్గులు చూసుకుంటాండా. ఇంజను ఆపలేదు. పది నిమిషాలు, పన్నెండు అనుకో. మూటలు దించి మెల్లగా ఎక్కించుకోని పోతే..." అతను గోడ వైపు చూశాడు. "రోడ్డు పక్కన పడుండాడు. గొంతు మీద కొడవలి ఏటు. మనిషి అలికిడి ల్యా."

"అరుపు వినలేదా?"

"బానెట్ కింద తల పెట్టినంక నా దగ్గు నాకే వినపడదు సామీ."

"డిస్ట్రిబ్యూటర్ మూత విప్పినావా?"

"ల్యా. ప్లగ్గుల కాడే ఉన్నా."

"అంతకుముందు ఎప్పుడు నడిపినావు?"

"అష్టమి సాయంత్రం. అయిదు మందితో ఈ మిట్టే ఎక్కి పోయినా, మిస్సింగ్ మాటే ల్యా. మర్నాడు నవమి, ఆయుధపూజ. నేను కిరస్తానీని గద, ఆ పొద్దు నాకు పని ల్యా. తెల్లారి కారు కడిగి, స్పానర్లు, స్క్రూడ్రైవరు, తాళంచెవి అన్నీ పూజలో పెట్టేదానికి ఇచ్చేసి ఏడు గంటల బస్సుకు ఇంటికొచ్చినా. పూజలో పెట్టిన సామాను దశమి దాటేదాకా ఎవురూ ముట్టరు. కారు ఆడనే ఉండె."

"పెద్దాయన నంద్యాలకు ఏం పని మీద బయల్దేరాడు?"

జ్ఞానప్రకాశం గొంతు తగ్గించాడు. "నాతో ఏం చెప్పలేదు సామీ. ఒళ్ళో మాత్రం కొత్త తాళం ఒకటి పెట్టుకోని ఉండె. ఇంత లావుది. మిల్లుకు వెయ్యల్ల అని తనలో తాను అనుకున్యాడు."

* * *

స్టేషన్ ఆవరణలో కారు ఆయుధపూజ నాటి బంతిదండతోనే నిలబడి ఉంది. వరదరాజులు తానే స్టార్టు చేశాడు. ఇంజను తొణక్కుండా బెణక్కుండా నడిచింది.

"విను. చెవులు శుభ్రం చేసుకోని విను. ఎక్కడుంది మిస్సింగ్?"

"ఎద్దును కొనేటప్పుడు గాటిపాటలో నిలబెట్టి చూసి కొంటారా, కాడి కట్టి దున్నించి కొంటారా?" అన్నాడు కృష్ణస్వామి. "నిలబెట్టినప్పుడు బాగుంటుందని ముద్దాయే చెప్పాడు. మీరు నాలుగు రోజులుగా నిలబెట్టే చూస్తున్నారు. మనుషుల్ని ఎక్కించి గువ్వలమిట్ట మీదికి పోనివ్వండి."

"పెట్రోలుకు రేషన్ కూపన్లు యాడుండాయి?" అన్నాడు శేషయ్య. "గాలన్లు గాలన్లు తగలేసేదానికి ఇది సర్కస్సు కాదు."

"మీ అన్నను చంపిన చోటికి పోదామంటే పెట్రోలు లెక్క చూస్తున్నారా?"

శేషయ్య మెడ నరాలు ఉబ్బాయి. వరదరాజులు ఆయన వైపు ఒకసారి, కృష్ణస్వామి వైపు ఒకసారి చూశాడు. అతను మొండివాడే గాని, పదిమంది ముందు భయపడ్డాడనిపించుకునే రకం కాదు. వాకిట్లో గేటు పక్కన సలోమి కళ్ళార్పకుండా చూస్తోంది.

"మిట్ట ఎక్కితే?"

"ఎక్కితే ప్లీడరు గారు ఈ కేసు వదిలేస్తారు. నేను ఈ గడప తొక్కను."

"ఎక్కకపోతే?"

"ఆ రిపోర్టు రాసినవాణ్ణి నా ముందు నిలబెట్టండి. బరువు కావాలి కాబట్టి శేషయ్య గారూ, మీరు కూడా ఎక్కండి."

రానంటే బాగుండదని శేషయ్యకు తెలుసు. ఎక్కాడు.

* * *

నంద్యాల వైపు వాలు తక్కువ కాబట్టి పన్నెండూ పదికి దగ్గకుండానే గువ్వలమిట్ట దాటి, ఆళ్ళగడ్డ వైపు పల్లంలోకి దిగి, కారును మళ్ళీ నంద్యాల వైపు తిప్పారు. స్టీరింగు దగ్గర జ్ఞానప్రకాశం. పక్కన వరదరాజులు. వెనక శేషయ్య, ఇద్దరు కానిస్టేబుళ్ళు, కృష్ణస్వామి. క్లచ్ తొక్కిన ప్రతిసారీ జ్ఞానప్రకాశం పెదవి కొరుక్కోవడం వెనకనుంచి కూడా కనిపిస్తోంది.

మిట్ట మొదలైంది. మూడో వంతు ఎక్కారు. సగం ఎక్కారు. ఉన్నట్టుండి ఇంజను దగ్గింది. ఒకసారి, రెండుసార్లు. బండి మొత్తం వడిసెలలో రాయిలాగా ఎగిరెగిరి పడింది. వేగం తగ్గి, తగ్గి, నిలబడిపోయింది.

"కాలు తీసినావు రా, దొంగనాయాలా," అంటూ వరదరాజులు జ్ఞానప్రకాశం చొక్కా పట్టుకున్నాడు. "యాక్సిలరేటర్ మీద కాలు తీసి నాటకం ఆడతాండావు."

"అయితే మీరు తొక్కండి," అన్నాడు కృష్ణస్వామి.

"నాకు రాదనుకున్నావా?"

వరదరాజులు డ్రైవర్ని కిందికి లాగి తానే కూర్చున్నాడు. బండిని వెనక్కి దొర్లించి, మొదట్నుంచి ఎక్కించాడు. బూటు కాలితో యాక్సిలరేటర్ నేలకు అంటేట్టు తొక్కాడు. సరిగ్గా అదే సగం దగ్గర కారు దగ్గింది, ఎగిరింది, సర్కిల్ ఇన్‌స్పెక్టర్ టోపీని ఒళ్ళోకి పడేసి నిలబడిపోయింది. వెనక కూర్చున్న కానిస్టేబుల్ ఒకడు కిటికీలోనుంచి చేలవైపు చూడ్డం మొదలుపెట్టాడు.

"మీరు కూడా ఒప్పుకున్నట్టు వేలిముద్ర వేస్తారా?" అన్నాడు కృష్ణస్వామి.

"నోరు మూసుకో."

"పెట్రోల్లో కిరసనాయిలు కలిపింటారు," అన్నాడు శేషయ్య.

"అట్లయితే చదును మీద కూడా దగ్గాలి." కృష్ణస్వామి అప్పటికే దిగి బానెట్ ఎత్తాడు. "ఇన్‌స్పెక్టర్ గారూ, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగండి. రెండో గేరు వెయ్యండి. నేను చెప్పినప్పుడు క్లచ్ సగం వదిలి, యాక్సిలరేటర్ తొక్కి పట్టండి. బండి కదలకూడదు, ఇంజను మాత్రం బరువు మొయ్యాలి."

వరదరాజులుకు ఒకరి మాట మీద కాలు కదపడం పుట్టినప్పటినుంచీ అలవాటు లేదు. అయినా తొక్కాడు. ఇంజను ఆయాసపడుతూ వణికింది.

కట్టెపిడి స్క్రూడ్రైవరు తీసుకొని కృష్ణస్వామి మొదటి ప్లగ్గు తల మీదినుంచి ఇంజను ఇనుముకు ఆనించాడు. అట్లా ఆనిస్తే ఆ ప్లగ్గుకు పోయే నిప్పురవ్వ ఇనుములోకి పోతుంది. ఆ సిలిండరు పనిచేస్తూ ఉన్నట్టయితే ఇంజను మోత తగ్గిపోవాలి. తగ్గింది. నాలుగోదానికి ఆనించాడు. అక్కడా తగ్గింది. రెండోదానికి ఆనించాడు. మోతలో వెంట్రుకంత తేడా లేదు. మూడోదానికీ లేదు.

"మధ్యలో రెండూ చచ్చిపోయినాయి," అన్నాడు జ్ఞానప్రకాశం పక్కనుంచి. నాలుగు రోజుల్లో మొదటిసారి అతని గొంతులో ప్రాణం కనిపించింది. "ప్లగ్గులు మార్చి చూద్దాం సామీ."

ఇంజను ఆపి, కాలుతున్న ప్లగ్గులను గుడ్డతో పట్టి మొదటిది రెండో చోట, నాలుగోది మూడో చోట బిగించారు. మళ్ళీ బరువు పెట్టి చూశారు. ప్లగ్గులు మారినా చచ్చిన చోట్లు మారలేదు. తీగలు మార్చి చూశారు. అదే తీరు.

"జబ్బు ప్లగ్గుల్లో లేదు, తీగల్లో లేదు," అన్నాడు కృష్ణస్వామి. "పంచే చోట ఉంది."

అతను డిస్ట్రిబ్యూటరు మీదికి వంగాడు. నాలుగు ప్లగ్గులకూ నిప్పురవ్వను వంతులవారీగా పంచిపెట్టే నల్లటి గిన్నెమూత అది. రెండు కమ్మీలు పక్కకు నొక్కితే ఊడి వస్తుంది, స్పానరుతో పని లేదు. కమ్మీ మీద వేలు పెట్టబోయి ఆగిపోయాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, దిగి రండి. నేను తాకకముందే మీ కళ్ళతో చూడండి."

మూతకూ దాని కింది ఇనుప పీఠానికీ మధ్య అతుకు మీద బొట్టు ఉంది. గంధం, దాని మీద కుంకుమ. ఎండి గట్టిపడింది. సగం మూత మీద, సగం పీఠం మీద. నడుమ అతుకు దగ్గర ఎక్కడా పగల్లేదు.

"ఆయుధపూజ బొట్టు," అన్నాడు వరదరాజులు. "అయితే ఏంది?"

"ఇది పగలకుండా మూత తియ్యడం ఎవరి వల్లా కాదు. మీ మెకానిక్ డిస్ట్రిబ్యూటరు విప్పి చూశానని రాశాడు. ఎట్లా విప్పాడు? ఊదితే ఊడిందా?"

వరదరాజులు ముఖం కందగడ్డలా అయింది. పక్కనున్న కానిస్టేబుళ్ళ మీద అరిచాడు, ఏం చూస్తాండారు రా అని. వాళ్ళు చూడ్డం మానుకున్నారు.

కృష్ణస్వామి కమ్మీలు నొక్కాడు. బొట్టు పుటుక్కున పగిలింది. మూతను తిప్పి ఎండకు పెట్టాడు. లోపల రెండో తీగ మొన దగ్గరనుంచి అంచుదాకా ఒక సన్నటి నల్లగీత. మూడో మొన దగ్గరనుంచి ఇంకొకటి.

"కాటుక," అన్నాడు శేషయ్య వెనకనుంచి. "ఆడోళ్ళు దిష్టికి పెట్టింటారు."

"కాటుకయితే వేలు పెడితే జిడ్డుగా పాకాలి." కృష్ణస్వామి వేలితో రుద్దాడు. గీత పాకలేదు. ఎండలో సీసంలాగా మెరిసింది. వేలికొన నాలుకకు తగిలించి ఆ తడితో మళ్ళీ రుద్దాడు. ఈసారి వేలికి ఊదారంగు అంటుకుంది. "కాపీయింగ్ పెన్సిలు. తడి తగిలితే ఊదాగా మారుతుంది. శేషయ్య గారూ, మీ మిల్లులో బేళ్ళ చీటీలు దేంతో రాస్తారు?"

"దీంతోనే రాస్తారు. అయితే? ఇన్‌స్పెక్టర్ సారు జేబులో కూడా ఉండాది. ఆయన్ని కూడా పట్టుకోని ఉరి తియ్యి."

వరదరాజులు అసంకల్పితంగా జేబు తడుముకున్నాడు. ఉంది.

"పెన్సిలు గీత ఇంజనును ఎట్లా ఆపుతుంది?" అన్నాడు, ఇంకో మాట దొరక్క.

"పెన్సిలు ముల్లులో ఉండే నల్లటి గ్రాఫైటు గుండా కరెంటు పాకుతుంది. ఖాళీ బండికి ప్లగ్గు దగ్గర రవ్వ సులువుగా దూకుతుంది, గీత జోలికి పోదు. బరువెక్కి సిలిండర్లో ఒత్తిడి పెరిగితే అక్కడ దూకలేక ఈ గీత పట్టుకొని ఇనుములోకి జారిపోతుంది. ఆళ్ళగడ్డనుంచి నంద్యాల దాకా బండి బరువెక్కేది ఈ ఒక్క మిట్ట మీదే. ఇది గీసినవాడికి మోటార్లు తెలుసు, ఈ దారి తెలుసు. మిట్ట దగ్గర బండి ఆగితే బరువు తగ్గించడానికి పెద్దాయన దిగి నడిచే మనిషని కూడా తెలుసు. అవతల కొడవలి పట్టుకొని ఉన్నవాళ్ళు ఊరికే కాచుక్కూర్చోలేదు."

పెట్రోలులో ముంచిన గుడ్డతో గీతలు తుడిచేశాడు. మూత బిగించి, "ఎక్కించు జ్ఞానప్రకాశం," అన్నాడు. అందరూ ఎక్కారు. కారు దించి, మొదట్నుంచి ఎక్కించారు. సగం దగ్గర ఎవరూ ఊపిరి తీయలేదు. ఇంజను ఒక్క దగ్గు కూడా దగ్గకుండా మిట్ట నెత్తికెక్కి నిలబడింది.

వరదరాజులు టోపీ పెట్టుకున్నాడు. ఓడిపోతున్నప్పుడు అతను ఇంకా గట్టిగా మాట్లాడతాడు. "వీడే గీసినాడు. నవమి తెల్లారి కారు కడిగింది వీడే కదా. గీసి, బస్సెక్కినాడు. తర్వాత పూజలో ఇంటి ఆడవాళ్ళు తెలియక దాని మీద బొట్టు పెట్టినారు. అయిపోయింది."

"బండి ఆపాలనుకున్న డ్రైవరుకు గీతెందుకండీ? మీరే అన్నారు గదా, కాలు తీస్తే చాలు."

"సాకు కోసం గీసినాడు. ఇంజను చెడిపోయిందని చూపించడానికి."

"అంత సాకు చేతిలో పెట్టుకున్నవాడు, అరికాళ్ళు బద్దలయ్యేట్టు కొడుతుంటే మూత విప్పి చూడండని ఒక్కమాట చెప్పడా? సాకును దాచిపెట్టుకొని ఉరికంబం ఎక్కేవాడు ఎవడైనా ఉంటాడా?"

కృష్ణస్వామి అతన్ని వదిలి శేషయ్య వైపు తిరిగాడు.

"నవమి నాడు మీరు ఆళ్ళగడ్డలోనే ఉన్నారు."

"పండగ. ఇంట్లో కాక యాడుంటా?"

"మీ అన్న దశమి మర్నాడు, మీరు చూసుకునే మిల్లుకు వెయ్యడానికి కొత్త తాళం తెస్తున్నాడంట. మీకు తెలుసా?"

"దసరాకు ఏదో ఒకటి కొత్తది కొనేది మా అన్నకు అలవాటు." శేషయ్య కనురెప్ప కూడా కదల్లేదు.

"పూజలో బొట్లు ఎవరు పెట్టారు?"

"మా వదిన." ప్రశ్న పూర్తి కాకముందే వచ్చింది జవాబు. "ఇంటి ఆడమనిషి కాకుండా ఇంకెవురు పెడ్తారు? స్టీరింగుకు, చక్రాలకు, ఇంజనుకు, అన్నిటికీ ఆమే పెట్టె."

కృష్ణస్వామి బానెట్ మళ్ళీ ఎత్తి పగిలిన బొట్టును చూశాడు. ఆ బొట్టు అతన్ని మొదటినుంచీ గుచ్చుతోంది. బానెట్ మీద పెడతారు, చక్రాల మీద పెడతారు, తుపాకీ మీద పెడతారు. జిడ్డులోకి చెయ్యి దూర్చి డిస్ట్రిబ్యూటరు అతుకు మీద పెట్టే ఆడమనిషిని అతను చూడలేదు. అహోబిలంలో వాళ్ళ నాయన ఎన్నో ఆయుధపూజలు చేశాడు. పూజకు పెట్టిన పనిముట్టును ఉద్వాసన చెప్పకుండా కదిలిస్తే అరిష్టమని, పొరపాటున కదిలిస్తే బొట్టు పెట్టి తప్పు కాయమని దండం పెట్టాలని ఈ సీమలో పాలు తాగే బిడ్డ కూడా వింటుంది.

"వరదరాజులు గారూ," అన్నాడు నెమ్మదిగా. ఈసారి ఎగతాళి లేదు. "బొట్టు ఆమె పెట్టిందంటే మీ మాట నిలబడుతుంది. గీత అంతకుముందే ఎవరైనా గీసుండొచ్చు, నా ముద్దాయి అయినా సరే. ఆమె పెట్టలేదంటే ఒకటే అర్థం. పూజలో ఉన్న బండి మూత విప్పినవాడు, గీత గీసి మూత పెట్టాక భయపడి, దేవుణ్ణి తప్పు కాయమని తన చేత్తోనే బొట్టు పెట్టాడు. తోడబుట్టినవాణ్ణి చంపడానికి భయపడలేదు గాని, దానికి భయపడ్డాడు."

"తోడబుట్టినవాడా?" వరదరాజులు గొంతు మారింది.

"చూడండి సార్, ఈ పూజారి ఎంత మాట అంటాండాడో," అన్నాడు శేషయ్య. అరవలేదు. అదే కృష్ణస్వామికి నచ్చలేదు. "పాండి, ఆళ్ళగడ్డకే పోదాం. మా వదిననే అడగండి. ఆమె చెప్తే మీకు సమాధానం ఐతాదా?"

అంత ధైర్యం ఎక్కడిది ఈ మనిషికి? కృష్ణస్వామికి దారి పొడుగునా అంతు చిక్కలేదు.

* * *

ఆళ్ళగడ్డ ఇంటి ముందు కారు ఆగేసరికి రెండు. రైలుకు నాలుగు గంటలు.

వాకిట్లో చాప వేసి ఉంది. చావు మైల ఇంట్లోకి వాళ్ళు అడుగు పెట్టలేదు. ఆదినారాయణ భార్య కమలాక్షమ్మ నడవా తలుపు వెనక కూర్చుంది. తెల్లచీర అంచు, ఒక చెయ్యి మాత్రం కనబడుతున్నాయి. పోయిన నాలుగు రోజుల్లో పోలీసులు మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ ఆమె తరపున శేషయ్యే మాట్లాడాడు. డ్రైవర్ని వదలొద్దని ఆమె చెప్పమన్నదని కూడా ఆయనే చెప్పాడు.

ఈసారి కూడా ఆయనే మొదలుపెట్టాడు. తలుపు దగ్గరికి పోయి, మృదువుగా, దాదాపు బుజ్జగింపుగా అన్నాడు. "వదినా, సర్కిల్ సారు వచ్చినాడు. ఒకే మాట అడుగుతాడు. నవమి నాడు కారుకు బొట్లు పెట్టింది నువ్వే గద. అవును అంటే చాలు. ఇంగ నిన్ను ఎవురూ కష్టపెట్టరు, నేను చూసుకుంటా."

"ఆమెకు జవాబు మీరు నేర్పొద్దు," అన్నాడు కృష్ణస్వామి.

"నేర్పేది ఏముంది? ఉన్న మాటే. ఇంట్లో మగదిక్కు నేనే గద ఇప్పుడు. నేను కాక ఎవురు మాట్లాడతారు?"

"తప్పుకో శేషయ్యా." అన్నది వరదరాజులు. కృష్ణస్వామి ఆశ్చర్యంగా అతని వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. తాను స్వయంగా తొక్కి, స్వయంగా ఓడిపోయిన యాక్సిలరేటర్ ఇంకా అతని కాలి కింద ఉన్నట్టుంది. "అమ్మా, నేను అడుగుతాండా. మీ ఆయన్ని చంపినోడు ఎవరో తేలేది దీంతోనే. అబద్ధం చెప్తే ఒక మనిషి ఉరికంబం ఎక్కుతాడు. కారు ఇంజను లోపల, నల్లమూత మీద బొట్టు పెట్టింది నువ్వేనా?"

తలుపు అవతల గాజుల్లేని చెయ్యి గడప పట్టుకుంది. వాకిట్లో ఇన్‌స్పెక్టరు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, కారు దగ్గర జ్ఞానప్రకాశం, ప్లీడరు గారి మనిషి. అయిదుగురు పరాయి మగవాళ్ళు, ఒక మరిది. శేషయ్య పెదవి చివర చిన్న నిబ్బరం. అది చూసిన క్షణంలో కృష్ణస్వామికి ఆయన ధైర్యం ఎక్కడిదో సగం అర్థమైంది. ఇంతమంది మగవాళ్ళ ముందు ఈ ఆడమనిషి చెప్పలేని మాట ఏదో ఉంది. ఆ మాటను నమ్ముకొనే ఈయన ఇంత దూరం వచ్చాడు.

"చెప్పు వదినా," అన్నాడు శేషయ్య. "అవునని చెప్పు."

తలుపు తెరుచుకుంది. కమలాక్షమ్మ లేచి గడప మీదికి వచ్చి నిలబడింది. ఇన్‌స్పెక్టర్ వైపు చూడలేదు.

"నవమి నాడు నేను ముట్టయి ఉంటి. మూడు దినాలు పెరట్లో కొట్టంలో కూర్చోనుంటి. కుంకుమ భరిణె నీ చేతికి ఇచ్చింది మీ అన్న. బొట్లన్నీ పెట్టింది నువ్వు."